బండ్లు నడవని వంతెన

గోదావరి దాటడమంటే మన ఇళ్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క జ్ఞాపకం వుంటుంది. చెన్నపట్నంలో మూడు తరాలుగా కాపురమున్న మా వంటి కుటుంబాలకు ఆ జ్ఞాపకం రైలు కిటికీలోంచి వచ్చినదే. కొవ్వూరు దాటగానే నిద్రపోతున్న పిల్లలను పెద్దవాళ్లు తట్టి లేపడం, కిటికీ దగ్గర చోటు కోసం తగవు, చిల్లర డబ్బులు చేతిలో పెట్టడం, బండి వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోవడం, అందరూ ఒక్కసారి దణ్ణం పెట్టడం, ఇవన్నీ మన చదువరులలో చాలామందికి అనుభవమే. అయితే ఆ వంతెనను ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని మనం అడిగినది తక్కువ. ఈ మధ్య మేము ఇంటిల్లిపాదీ ఆ పాత వంతెనను చూడడానికే ఒక పూట కేటాయించి చూసి వచ్చాము. చూసినదీ, తెలిసినదీ, అక్కడ మాకు తోచినదీ నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా వంతెన సంగతి. తూర్పుతీరం రైలుమార్గంలో బెజవాడ నుంచి కటకం దాకా 1893, 1896 సంవత్సరాల మధ్య పట్టాలు వేశారు. 1899 నాటికి బెజవాడకూ చెన్నపట్నానికీ కూడా లైను కలిసింది. కాని మధ్యలో గోదావరి వున్నది గదా! ఇవతలి ఒడ్డున కొవ్వూరు, అవతలి ఒడ్డున రాజమండ్రి. ఇవతలి ఒడ్డున బండి దిగినవాళ్లు పెట్టే బేడా మోసుకొని రేవుకు వెళ్లి, నది దాటి, అవతల మళ్లీ బండి ఎక్కవలసినదే. వరదల కాలంలో ఆ ప్రయాణం ఎట్లా వుండేదో ఊహించుకోవచ్చును.

ఆ లోటు తీర్చడానికి 1897 నవంబరు 11న వంతెన పని మొదలయినది. 1900 ఆగస్టు 30న దాని మీద రాకపోకలు ప్రారంభమైనవి. అంటే మూడేళ్లు నిండకుండానే గోదావరి మీద వంతెన నిలిచినది. పని నడిపించిన ఇంజనీరు వాల్టన్ దొర. అంతకు ముందు కాశీలో గంగ మీద 1887లో తెరచిన డఫరిన్ వంతెన కట్టడంలో చెయ్యి తిరిగినవాడాయన. కాశీ గంగ మీదా, మన గోదావరి మీదా ఒక్క మనిషి పనితనం నిలిచి వున్నదంటే మన పెద్దవాళ్లకు ఎంత సంతోషంగా వుంటుందో! ఆనాటి చెన్నపట్నం గవర్నరు ఆర్థర్ హావ్‌లాక్ పేరు దీనికి పెట్టారు. అందుచేతనే అది హావ్‌లాక్ వంతెన అయినది.

స్తంభానికీ స్తంభానికీ మధ్య 150 అడుగుల చొప్పున దానికి 56 ఖానాలు వున్నవి. రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గడ్డర్లు, వాటి మీద ఒకే ఒక వరస పట్టాలు. మొత్తం పొడుగు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. ఇసుక నదిలో స్తంభం నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. ఆ రోజుల పద్ధతి ఏమిటంటే, బావి ఒర లాంటి కట్టడం ఒకటి నదిలో నిలబెట్టి, దాని లోపలి ఇసుక తోడుకుంటూ పోతారు. తోడినకొద్దీ అది తన బరువుకు తానే కిందికి కుంగుతుంది. పైన ఇంకొంత కడతారు, మళ్లీ తోడతారు. గట్టి నేల తగిలేదాకా ఇదే పని. పైకి కనిపించే స్తంభం సగమయితే, మన కంటికి కనిపించని పని మిగతా సగం.

రాజమండ్రి దగ్గర నది ఎందుకంత నిండుగా వుంటుందని మా అమ్మాయి అడిగినది. కొంచెం దిగువనే ధవళేశ్వరం వున్నది. అక్కడ 1847, 1852 సంవత్సరాల మధ్య కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. దాని స్థానంలో తరువాత బారేజి వచ్చినది. అక్కడ నీరు ఆగి నిలుస్తుంది గనుక వంతెన కింద నది ఎండాకాలంలో కూడా వెడల్పుగానే కనిపిస్తుంది. ధవళేశ్వరం దాటిన తరువాత గౌతమి, వశిష్ఠ అని పాయలుగా చీలిపోతుంది. వంతెన దగ్గర మాత్రం ఇంకా చీలలేదు. అందుకే ఆ చుట్టుపక్కలవాళ్లు అఖండ గోదావరి అంటారు.

ఇక మా ప్రయాణం సంగతి. మేము వెళ్లినది విహారానికి కాదు, సంతకాలకు. మా తాతగారు కొవ్వూరులో కట్టించిన ఇంట్లో మా దొడ్డమ్మ ఒక్కతే వుంటున్నది. పెదనాన్న పోయి తొమ్మిదేళ్లయినది. మా అన్నయ్యకు హైదరాబాదులో ఉద్యోగం. డెబ్భయ్యెనిమిదేళ్ల మనిషిని, పెంకులు జారిపోతున్న ఇంట్లో, మోకాళ్ల నొప్పులతో ఎన్నాళ్లు వంటరిగా వుంచగలడు? ఇల్లు అమ్మి తల్లిని తన దగ్గరకు తీసుకుపోతానన్నాడు. అందులో మా నాన్నగారి వాటా వున్నది గనుక మా అమ్మా, మేమూ సంతకాలు పెట్టాలి. సంక్రాంతి వెళ్లిన పది రోజులకు రాత్రి బండిలో బయలుదేరి తెల్లవారి కొవ్వూరులో దిగాము.

అన్నయ్య చేసినది తప్పని మేము అనము. ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు. కాని రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద కూర్చొని వుండగా మా అమ్మ మెల్లగా ఒక మాట అన్నది. "ఇక ఈ వూళ్లో మనం ఎవరింటికి వస్తామురా?" దానికి మా దగ్గర జవాబు లేకపోయినది. మా తాతగారి తరంలో చెన్నపట్నం నుంచి ప్రతి వేసవికీ వచ్చేవారు. మా నాన్నగారి కాలానికి పెళ్లిళ్లకూ, తద్దినాలకూ రావడమయినది. మా కాలానికి రెండు మూడేళ్లకొకసారి అయినది. మా పిల్లల కాలానికి ఆ కారణం కూడా ఇక లేదు.

సంతకాలు మధ్యాహ్నానికే అయిపోయినవి. సాయంకాలం వంతెన చూద్దామన్నది మా దొడ్డమ్మే. "ఇల్లు చూడనక్కరలేదు, రేపో మాపో దాన్ని ఎట్లాగూ పడగొడతారు. వంతెన చూపించు పిల్లలకు" అన్నది. మోకాళ్లు సహకరించకపోయినా తానూ వస్తానన్నది. అందరం ఒక ఆటో మాట్లాడుకొని రోడ్డు వంతెన మీదుగా రాజమండ్రి వెళ్లి పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చున్నాము.

దొడ్డమ్మ పుట్టిల్లు రాజమండ్రి. 1964లో కొవ్వూరు కోడలయినది. ఇప్పుడు అరగంటలో పోయి వచ్చే దూరమది. ఆ రోజుల్లో రోడ్డు వంతెన లేదు. రైలూ రోడ్డూ కలిసిన రెండో వంతెన వచ్చినది 1974లో. అంతవరకూ నది దాటాలంటే రైలన్నా ఎక్కాలి, లాంచీ అన్నా ఎక్కాలి. సాయంకాలం కొవ్వూరు గోష్పాద రేవులో నిలబడితే అవతల పుట్టింటివారి వూరి దీపాలు కనిపించేవట, కాని బండి వేళ తప్పితే వెళ్లడానికి లేదు.

"కాపురానికి వచ్చిన కొత్తలో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. బండి వంతెన మీద పోతుంటే ఆ మోత మా ఇంట్లోకి వినపడేది. ఆ మోత అయిపోయినదంటే బండి మా వూరు చేరినదన్నమాట. అమ్మావాళ్లు కూడా ఇదే మోత వింటూ వుంటారు గదా అనుకొని పడుకునేదాన్ని" అని చెప్పినది దొడ్డమ్మ. తరువాత తరువాత ఆ మోతను బట్టే పొయ్యి మీద పాలు పెట్టడం, బళ్లోకి పిల్లలను తయారు చెయ్యడం అలవాటయినదట. గడియారం చూసే పని లేదు. మా అమ్మ ఈ మాటలు విని నవ్వి, "అక్కయ్యా, నేను సెలవులకు వచ్చినప్పుడు ఆ మోతకు పిల్లలు ఉలిక్కిపడి లేస్తే నువ్వు హాయిగా గుర్రు పెట్టేదానివి" అన్నది. ఇద్దరూ నవ్వుకున్నారు. పొద్దుటి నుంచీ వాళ్లు నవ్వడం అదే మొదలు.

1997లో హావ్‌లాక్ వంతెన మీద బండ్లు ఆగిపోయినవి. తొంభయ్యేడేళ్ల సేవ అన్నమాట. మధ్యలో ఎన్ని వరదలు చూసినదో! 1986 ఆగస్టులో వచ్చిన మహా వరదను మా దొడ్డమ్మ కళ్లారా చూసినది. అంత వరదలోనూ ఆ స్తంభాలు కదలలేదు, ఆ తరువాత పదకొండేళ్లు బండ్లు మోసినవి. దాని పక్కనే కాంక్రీటుతో 28 పెద్ద కమానుల కొత్త వంతెన వచ్చినది. ఇప్పుడు బొమ్మల్లోనూ, సినిమాల్లోనూ గోదావరి అనగానే చూపించేది ఆ కమానుల వంతెననే. అందమైనదే, సందేహం లేదు. పాతది దాని పక్కన తలవంచుకొని నిలబడిన ముసలి గుమాస్తాలాగా వున్నది. ఆఫీసులో మా ఉద్యోగమూ అదే గనుక మాకు ఆ పోలిక తోచినదేమో!

మెట్ల మీద నుంచి చూస్తే వంతెన అవతలి కొస మంచులో కలిసిపోయి కనిపించదు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఖానాలు లెక్క పెడతానని మొదలుపెట్టి ముప్ఫయి దాటాక తప్పిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు. తరువాత ఒక పడవ మాట్లాడుకొని స్తంభాల దగ్గరగా వెళ్లాము. దూరం నుంచి సన్నగా కనిపించే స్తంభం దగ్గరకు వెళితే కోట బురుజులాగా వున్నది. వరదల గుర్తులు రాళ్ల మీద చారలు చారలుగా వున్నవి. పైన గడ్డర్లు తుప్పు రంగు తిరిగినవి. పక్క వంతెన మీద ఒక బండి పోయినది. ఆ అదురుకు పాత వంతెన కూడా పలుకుతుందేమో అని చెవులు రిక్కించాము. అది పలకలేదు. నీళ్లు స్తంభాన్ని రాసుకుంటూ పోయే చప్పుడే వినిపించినది.

అప్పుడు మా అబ్బాయి అడిగాడు. "బండ్లు పోనప్పుడు దీన్ని ఎందుకు వుంచారు?"

అన్నయ్య లెక్కలు తెలిసిన మనిషి. "మంచి ప్రశ్నరా. పనికిరాని దాన్ని వుంచితే దాని బాగోగులకు ఖర్చు. విప్పి ఇనుము అమ్మితే ఎంతో కొంత వస్తుంది" అన్నాడు. ఆయన మాటలో కాఠిన్యం లేదు. పొద్దున్న ఇల్లు అమ్మినవాడు సాయంకాలం వంతెనకు వేరే న్యాయం చెప్పలేడు గదా! మేము కాసేపు మాట్లాడలేదు. దొడ్డమ్మ మాత్రం, "ఇల్లు మనది నాయనా, అమ్ముకున్నాం. ఇది మనదొక్కరిదీ కాదే, అమ్ముకోవడానికి" అన్నది.

ఆ మాట మా మనసులో నాటుకున్నది. ఇంటికీ వంతెనకూ తేడా అక్కడే వున్నది. ఇల్లు ఒక కుటుంబానిది. కట్టినవారు పోతారు, వారసులు చెదిరిపోతారు, పెంకులు జారతాయి, ఒకనాడు అమ్మక తప్పదు. అందులో ఏడవవలసినదేమీ లేదు. వంతెన సంగతి వేరు. దాని మీద మా తాతగారు ఉద్యోగం కోసం చెన్నపట్నం వెళ్లారు. మా దొడ్డమ్మ కొత్త చీరతో కాపురానికి వచ్చినది. మాకు తెలియని లక్షలమంది తమ తమ పనుల మీద దాటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చెన్నపట్నం ఒక వైపూ గోదావరి ఒక వైపూ అయిన తరువాత కూడా మన వంటి వాళ్లను అటూ ఇటూ చేర్చినది ఈ దారే. సొంత ఇల్లు వున్నంతకాలం ఇల్లే వూరు అనుకుంటాము. ఇల్లు పోయిన తరువాత వూళ్లో మనకు మిగిలేవి ఇటువంటి ఉమ్మడి వస్తువులే. నది, రేవు, గుడి, వంతెన. వీటికి సంతకం అక్కరలేదు, వాటా పంపకం లేదు. ఎన్ని తరాలు దూరంగా వున్నా వచ్చి ఇది మాది కూడానని చెప్పుకోవచ్చును.

అట్లాగని పాత వస్తువును ఊరికే నిలబెట్టి దణ్ణం పెట్టడం కూడా మా ఉద్దేశం కాదు. బండి నడవకపోతే మనుషులు నడవవచ్చును గదా! పరదేశాలలో ఈ పని చేస్తున్నారు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ నది మీద పొకీప్సీ అనే వూరి దగ్గర 1889లో తెరచిన రైలు వంతెన ఒకటి వున్నది. 1974లో నిప్పంటుకొని దాని మీద బండ్లు ఆగిపోయినవి. మన రెండో వంతెన వచ్చినది కూడా ఆ సంవత్సరమే. ఏళ్లతరబడి అది వట్టిగా పడి వున్నది. చివరకు ఆ చుట్టుపక్కలవాళ్లే ఒక సంఘంగా ఏర్పడి పట్టువదలకుండా పనిచేశారు. 2009 అక్టోబరులో అది నడకదారిగా తెరుచుకున్నది. రెండు కిలోమీటర్లకు పైగా పొడుగున్న ఆ వంతెన మీద ఇప్పుడు పిల్లలూ, ముసలివాళ్లూ నది చూస్తూ నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. వయసులో అది మన వంతెన కంటే పదకొండేళ్లు పెద్దది. పొడుగులో మన వంతెనే పెద్దది.

మన హావ్‌లాక్ వంతెనకూ అటువంటి ఆలోచన వున్నది. రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరం అని పాత పేరు మళ్లీ పెట్టారు. అక్కడ 2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగినది. ఈ వంతెనను జనం వచ్చి చూసే చోటుగా తీర్చిదిద్దడం అందులో ఒక భాగం. పని పూర్తయి, రెండున్నర కిలోమీటర్లూ నడిచే వీలు కలిగితే, మెల్లగా నడిచేవారికి కూడా గంట పట్టదు. దొడ్డమ్మ లాంటివాళ్లు రైల్లో మాత్రమే దాటిన నదిని మనవలు కాలినడకన దాటవచ్చును.

పడవ దిగే ముందు దొడ్డమ్మ తన సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసినది. చెన్నపట్నం నుంచి వచ్చిన పిల్లలకు తిరుగు ప్రయాణంలో గోదావరిలో వెయ్యడానికి మా తాతగారి కాలం నుంచీ దాచిన చిల్లర అది. చిల్లుకానులు, అర్ధణాలు, తరువాతి కాలపు రెండు పైసలూ మూడు పైసలూ కూడా వున్నవి. మా చిన్నతనంలో మాకూ అందులోంచే ఇచ్చేది. "ఇక నేనిక్కడ వుండను. ఇది మీ దగ్గర వుంచుకోండి" అని మా అమ్మ చేతిలో పెట్టినది. పిల్లలు ఇద్దరూ తలా ఒక కాసు నదిలో వేశారు. మా అబ్బాయి చిల్లుకాని ఒకటి తీసి వెలుగుకు పట్టి, దాని చిల్లులోంచి వంతెన వైపు చూశాడు. తరువాత దాన్ని నదిలో వెయ్యకుండా డబ్బాలోనే వేసి, "మామ్మా, ఇది మళ్లీ వచ్చినప్పుడు వేస్తాను" అన్నాడు. మళ్లీ వస్తానని వాడంతట వాడే అన్నాడు. పొద్దున బెంచీ మీద మా అమ్మ వేసిన ప్రశ్నకు మాకు దొరకని జవాబు వాడికి దొరికినదన్నమాట.

గోదావరికి పన్నెండేళ్లకొకసారి పుష్కరాలు వస్తాయని అందరికీ తెలిసినదే. గడచినవి 2015లో జరిగినవి, రాబోయేవి 2027లో. మన సంఘంలో చాలా కుటుంబాలు అప్పుడు వెళ్లాలని ఇప్పటి నుంచే అనుకుంటున్నవి. వెళ్లేవారికి మా విన్నపం ఒకటే. స్నానమయిన తరువాత పిల్లలను తొందరపెట్టి బండి ఎక్కించకండి. ఒక పూట రేవులో కూర్చోబెట్టి పాత వంతెనను చూపించండి. ఖానాలు యాభయ్యారూ లెక్క పెట్టమనండి. దాన్ని ఎప్పుడు కట్టారో, మీ ఇంట్లో ఎవరెవరు ఎందుకు దాటారో చెప్పండి. అప్పటికి దాని మీద నడిచే వీలు కలిగితే తప్పకుండా నడిపించండి. ఆ ఒడ్డున మనకు ఇల్లు వున్నా లేకపోయినా, దారి మాత్రం ఇప్పటికీ మనదే.